చూడకముందే నిండిపోయిన రిపోర్టు

ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. పొట్ట పైభాగంలో నొప్పి అని స్కానింగ్‌కి వచ్చింది. నేను రేడియాలజీ ఎండీ పూర్తి చేసి, ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. గాల్ బ్లాడర్లో రాళ్లు కనిపించాయి. ఆ సంగతి రెండు వాక్యాల్లో టైపిస్టుకి చెప్పి, కాగితం రాగానే సంతకం పెట్టి, తర్వాతి పేషెంటుని పిలిచాను. గంట తర్వాత ఆవిడా, ఆవిడ కొడుకూ వెనక్కి వచ్చారు. డిగ్రీ చదువుతున్న కుర్రాడు. బస్టాండులో కూర్చుని రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా చదివాడట. "మేడమ్, మా అమ్మకి గర్భసంచి తీసేసి ఎనిమిదేళ్లయింది. ఇందులో నార్మల్‌గా ఉందని రాశారు" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

తప్పు ఒప్పుకున్నాను, మళ్లీ పడుకోబెట్టి చూశాను, దిద్దిన కాగితం ఇచ్చాను. వెళ్లబోతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. "మరి కిడ్నీలు బాగున్నాయని కూడా రాసినారు కదమ్మా. అది సూసి రాసిందేనా?" అని అడిగింది.

కిడ్నీలు నేను చూశాను. రెండూ చూశాను. కానీ ఆ కాగితం మీద అది రుజువు చేసే ఆధారం ఏదీ లేదు. "రెండు కిడ్నీలూ నార్మల్" అనే వాక్యం, "గర్భసంచి నార్మల్" అనే వాక్యం ఒకే అక్షరాలతో, ఒకే నమ్మకంతో పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నిజం, ఒకటి అబద్ధం. చదివేవాళ్లకు తేడా తెలిసే దారి లేదు. పొత్తికడుపు మీద ప్రోబ్ పెట్టానా అంటే పెట్టాను. మూత్రాశయం సరిగ్గా నిండలేదు, ఏమీ తేటగా కనిపించలేదు, నొప్పి పైన కదా అని ముందుకు వెళ్లిపోయాను. కనిపించలేదని రాయాల్సిన చోట ఫార్మాట్ తన వాక్యం తాను రాసేసుకుంది. నేను దాని కింద సంతకం పెట్టాను.

మన రెండు రాష్ట్రాల్లో ఈ తప్పుకి ఇంకో బరువుంది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అంటే మా బల్లమీద పడుకునే ఆడవాళ్లను "గర్భసంచి ఉందా అమ్మా?" అని ముందే అడిగి తీరాలి. అడగకుండా స్కాన్ చేయడమే తప్పు, అలాంటిది చూడకుండా రాయడం ఇంకెంత తప్పు.

రిపోర్టు ఎలా తయారవుతుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. చాలా సెంటర్లలో కంప్యూటర్లో ఒక వర్డ్ ఫైలు ఉంటుంది. "అబ్డామెన్ ఫిమేల్ నార్మల్" అనో, అలాంటిదే ఇంకో పేరో. అందులో కాలేయం మొదలుకొని మూత్రాశయం దాకా అన్నీ బాగున్నట్టు ముందే టైపు చేసి ఉంటుంది. టైపిస్టు దాన్ని తెరిచి పేరు, వయసు, తేదీ, పంపిన డాక్టరు పేరు మారుస్తాడు. డాక్టరు తేడా ఉన్నదేదో చెప్తే ఆ లైను మారుస్తాడు. మిగతాదంతా అలాగే ప్రింటవుతుంది. దీన్నే మేమంతా ఫార్మాట్ అంటాం. రోజుకు యాభై స్కాన్లు చేసేచోట అది లేకపోతే పని జరగదని అందరూ నమ్ముతారు. ఆడవాళ్ల రిపోర్టులో ప్రోస్టేట్ ప్రింటయి రావడం, గాల్ బ్లాడర్ తీసేసిన మనిషికి గాల్ బ్లాడర్ నార్మల్ అని రావడం ఈ వృత్తిలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసినవే. అవి ఎవరి కంటికైనా దొరికే తప్పులు. దొరకనివి ఎన్ని ఉంటాయో అన్నదే నా బాధ.

ఆ రోజు తర్వాత కొన్ని నెలలపాటు ఫార్మాట్ ముట్టుకోలేదు. ప్రతి రిపోర్టూ మొదటి అక్షరం నుంచి నేనే చెప్పి రాయించాను. నా భాష, నా క్రమం. చేతనైనంత నిజాయితీగా చేస్తున్నాననే తృప్తి ఉండేది. ఆ తృప్తి ఎంత పొరపాటో ఉద్దానం నుంచి వచ్చిన ఒక రైతు ఫైలు చూశాక అర్థమైంది.

ఉద్దానం సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరితోటల మధ్య, జీడితోటల మధ్య ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది. షుగరూ లేదు, బీపీ పెద్దగా లేదు, అయినా కిడ్నీలు పాడవుతాయి. అక్కడి ఇళ్లలో రేషన్ కార్డుతోపాటు స్కానింగ్ రిపోర్టుల ప్లాస్టిక్ కవరు కూడా ఉంటుంది. ఆ రైతు కవర్లో ఐదేళ్ల వ్యవధిలో నాలుగు వేర్వేరు చోట్ల తీయించిన నాలుగు అల్ట్రాసౌండ్ రిపోర్టులు ఉన్నాయి. మొదటిదాంట్లో "కిడ్నీలు కొంచెం తెల్లగా ఉన్నాయి" అనే అర్థం వచ్చే వాక్యం. రెండోదాంట్లో "గ్రేడ్ వన్ ఆర్‌పీడీ చేంజెస్", అంటే కిడ్నీ కణజాలం దెబ్బతిన్న గుర్తులు. మూడోదాంట్లో గ్రేడ్ లేకుండా ఊరికే "ఆర్‌పీడీ చేంజెస్". నాలుగోదాంట్లో "కిడ్నీలు సైజులో నార్మల్, ఎకోస్ పెరిగాయి", అంటే తెర మీద తెలుపు పెరిగిందని.

నెఫ్రాలజిస్టుకి, అంటే కిడ్నీ డాక్టరుకి, కావాల్సింది ఒక్క ప్రశ్నకు జవాబు. ఈ ఐదేళ్లలో కిడ్నీలు చిక్కిపోయాయా లేదా? నాలుగు రిపోర్టులున్నా జవాబు దొరకలేదు. ఒక్కదాంట్లోనూ కిడ్నీ పొడవు ఎన్ని సెంటీమీటర్లో రాయలేదు. పైపొర మందం రాయలేదు. తెల్లగా అంటే దేనితో పోల్చి తెల్లగా, కాలేయంతో సమానంగానా, అంతకంటే ఎక్కువా, రాయలేదు. నాలుగో రిపోర్టు నాది.

నా భాషలో నేను రాసిన ఆ వాక్యం తప్పు కాదు. ఆ రోజుకి అది నిజమే. కానీ మొన్నటి రిపోర్టు పక్కన పెట్టి చూడటానికి పనికి రాలేదు, రేపటి రిపోర్టుకి పునాది కాలేదు. నేను ఒక అంకె రాసి ఉంటే, తర్వాత ఇంకెవరో ఇంకో అంకె రాసి ఉంటే, జబ్బు నడక కనిపించేది. కొలిచే చేతిని బట్టి అర సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది, ఒప్పుకుంటాను. అందుకే ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచామో కూడా అందరికీ ఒకటే పద్ధతి ఉండాలి. ఒక జిల్లాలో స్కాన్ చేసేవాళ్లందరూ ప్రతి కిడ్నీకి పొడవు, పైపొర మందం, కాలేయంతో పోలిస్తే తెలుపు ఎంత అన్న మూడు సంగతులు ఒకేలా రాస్తే చాలు, దానికోసం కొత్త మెషిన్లు అక్కర్లేదు. ఆ పల్లెల్లో ఇన్నేళ్లుగా తీసిన లెక్కలేనన్ని స్కాన్లలో ఎంత సమాచారం ఇలా మాటల్లో కలిసిపోయిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అప్పటి నుంచి అందరం ఒకే ఫార్మాట్ వాడాలని నేను పట్టుబడుతున్నాను. అయితే దాంతోపాటు, ఇప్పుడు మన సెంటర్లలో ఉన్నదాన్ని ఫార్మాట్ అనడానికి ఒప్పుకోను. మా వర్డ్ ఫైలు ముందే నిండి ఉన్నది. నేను అడుగుతున్నది ఖాళీది. నిండిన ఫార్మాట్లో మీరు ఏమీ చేయకపోతే "నార్మల్" అని వస్తుంది. ఖాళీ ఫార్మాట్లో మీరు ఏమీ చేయకపోతే గడి ఖాళీగా మిగిలిపోతుంది, సంతకం పెట్టేముందు అది కంటికి గుచ్చుకుంటుంది. నా వాదనంతా ఈ తేడా చుట్టూనే.

రిపోర్టులు ఒక పద్ధతిలో ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 1922లోనే అమెరికాలో ప్రెస్టన్ హిక్కీ అనే రేడియాలజిస్టు ఎక్స్‌రే రిపోర్టుల్లో అందరూ ఒకే మాటల్ని ఒకే అర్థంలో వాడాలని వ్యాసం రాశారు. దాన్ని నిజంగా ఆచరణలోకి తెచ్చింది రొమ్ము పరీక్షలు. 1993లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ బైరాడ్స్ అనే పద్ధతి తెచ్చింది. 2003లో దాంట్లో అల్ట్రాసౌండ్‌కీ చోటిచ్చింది. అంతకు ముందు "అనుమానంగా ఉంది", "గమనిస్తూ ఉండండి", "క్లినికల్‌గా చూసుకోండి" అని ఒక్కో డాక్టరు ఒక్కోలా రాసేవాళ్లు. బైరాడ్స్ వచ్చాక చివర ఒక అంకె రాయాలి, ఆ అంకెకు తర్వాత ఏం చేయాలో కూడా కట్టుబడి ఉంటుంది. మూడు అని రాస్తే ఆరు నెలలకు మళ్లీ చూడాలి. నాలుగో ఐదో అని రాస్తే ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఆ అంకె చూసి సర్జన్ నాకు ఫోన్ చేసి "ఇంతకీ ఏమంటారు మేడమ్?" అని అడగాల్సిన అవసరం ఉండదు.

థైరాయిడ్ సంగతి మన ఆడవాళ్లకు ఇంకా దగ్గరిది. మెడ స్కాన్ చేస్తే చాలామందిలో చిన్న గడ్డలు కనిపిస్తాయి, ఎక్కువ శాతం హాని చేయనివే. పాత పద్ధతిలో "థైరాయిడ్ నాడ్యూల్ ఉంది, ఎఫ్ఎన్ఏసీ చేయించండి" అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్లం. ఎఫ్ఎన్ఏసీ అంటే గడ్డలోకి సూది గుచ్చి కణాలు తీసి చేసే పరీక్ష. ఇంటిల్లిపాదికీ టెన్షన్. క్యాన్సరేమో అని పెళ్లి వాయిదా వేసుకున్న అమ్మాయిని నాకు తెలుసు. 2017లో అదే అమెరికన్ కాలేజ్ తెచ్చిన టైరాడ్స్ పద్ధతి ఐదు సంగతులు చూడమంటుంది. గడ్డ గట్టిదా, నీటిదా? ఎంత నల్లగా, ఎంత తెల్లగా ఉంది? అడ్డంకంటే నిలువు ఎక్కువుందా? అంచు నున్నగా ఉందా? లోపల తెల్లటి చుక్కలున్నాయా? ఒక్కోదానికి పాయింట్లు వేసి కూడాలి. గట్టి గడ్డే, కానీ పక్కనున్న థైరాయిడ్ రంగులోనే ఉండి, అంచు నున్నగా, అడ్డంగా పరుచుకుని, చుక్కలేమీ లేకుండా ఉంటే మూడు పాయింట్లు. అది 1.2 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఆ పద్ధతి ప్రకారం దానికి సూది అక్కర్లేదు, పదేపదే స్కాన్ కూడా అక్కర్లేదు. ఒక ఖాళీ గడుల కాగితం ఒక మనిషిని సూది నుంచీ, నిద్రలేని రాత్రుల నుంచీ తప్పించింది. మేం నోటికొచ్చినట్టు రాసిన వాక్యం ఆ పని చేయలేకపోయింది.

ఇక్కడ "బల్కీ యూటరస్" అనే మాట గురించి చెప్పకుండా ఉండలేను. కొలత లేకుండా, కారణం లేకుండా గర్భసంచి "పెద్దదైంది" అని రాసిచ్చిన రిపోర్టులు నేను వందల్లో చూశాను. ఎంత పెద్దది? ముగ్గురు పిల్లల్ని కన్న నలభై ఏళ్ల మనిషిలో అది మామూలేనా? ఫైబ్రాయిడ్ అనే గడ్డ వల్లా, లోపలి పొర గోడలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్ వల్లా? ఏదీ ఉండదు. ఆ ఒక్క మాట పట్టుకుని, "వాపుందట, తీసేస్తే పీడ పోతుంది" అని ఊళ్లో ఎవరో అంటే ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లున్నారు. ఫైబ్రాయిడ్ ఎక్కడుందో సున్నా నుంచి ఎనిమిది దాకా అంకెలతో చెప్పే అంతర్జాతీయ వర్గీకరణ 2011 నుంచీ ఉంది. మూడు కొలతలు, ఆ అంకె, గర్భసంచి గోడ మందంలో తేడా, ఈ మూడు గడులూ తప్పనిసరి అయితే "బల్కీ" అనే మాట ఒంటరిగా నిలబడలేదు. గర్భసంచి తీయడం అనే నిర్ణయం ముందు ఆ మాత్రం లెక్క ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఫార్మాట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన గడి ఒకటుంది. కాలేయ క్యాన్సర్ ప్రమాదం ఉన్నవాళ్లకు చేసే స్కాన్ కోసం 2017లో వచ్చిన అల్ట్రాసౌండ్ లైరాడ్స్‌లో, కాలేయంలో ఏం కనిపించిందో రాయడంతోపాటు, అసలు కాలేయం ఎంత బాగా కనిపించిందో ఏ, బీ, సీ అని రాయాలి. గ్యాస్ అడ్డం వచ్చినా, కొవ్వు వల్ల లోతుకి శబ్దం వెళ్లకపోయినా ఆ విషయం ఒప్పుకోవడానికి కాగితం మీదే చోటిచ్చారు. మన నార్మల్ ఫైళ్లలో ఆ చోటే లేదు. మన రిపోర్టుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పే అబద్ధం "పాంక్రియాస్ నార్మల్" అని నా నమ్మకం. పేగుల్లో గ్యాస్ వెనక దాక్కునే అవయవం అది. తల భాగం, మధ్య భాగం కనిపిస్తే అదృష్టం, తోక భాగం చాలాసార్లు కనిపించదు. అయినా వాక్యం మాత్రం నిండుగా ప్రింటవుతుంది. ఆరు నెలల తర్వాత కామెర్లతోనో, తగ్గని నడుం నొప్పితోనో ఆ మనిషి మళ్లీ వస్తే, పాత రిపోర్టు చూసిన డాక్టరు పాంక్రియాస్ బాగానే ఉందనుకుని వేరే దారిలో వెతుకుతాడు. "తోక భాగం కనిపించలేదు" అని రాసి ఉంటే సీటీ గురించి ఆలోచించేవాడు.

టిఫా స్కాన్లలో కూడా ఇదే. ఐదో నెలలో బిడ్డ తలనుంచి పాదం దాకా చూడాల్సిన జాబితా పెద్దది. గుండె నాలుగు గదులు, పెద్ద రక్తనాళాలు, వెన్నెముక, పెదవి, కడుపు గోడ, కాళ్లూ చేతులూ. బిడ్డ వీపు పైకి పెట్టి పడుకుంటే గుండె సరిగ్గా కనిపించదు. అలాంటప్పుడు తల్లిని కాసేపు నడిచి రమ్మనాలి, అప్పటికీ కుదరకపోతే వారం తర్వాత పిలవాలి. ప్రతి వరసకీ "చూశాను, బాగుంది", "చూశాను, తేడా ఉంది", "చూడలేకపోయాను" అని మూడు గడులుంటే ఆ పని దానంతటదే జరుగుతుంది. అన్నీ నార్మల్ అని ముందే టిక్కులు పెట్టి ఉంచిన టిఫా ఫార్మాట్లు చూశాను. అవి చూస్తే నాకు భయమేస్తుంది.

గర్భిణులకు స్కాన్ చేసే మాకు ఖాళీ గడులు నింపడం చేతకాదని ఎవరూ అనలేరు. పుట్టబోయే బిడ్డ ఆడా మగా అని చెప్పకుండా ఆపడానికి వచ్చిన 1994 చట్టం కింద ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ నింపుతున్నాం. ఒక్క గడి ఖాళీగా ఉన్నా రికార్డులు సరిగా లేవని కేసు పడుతుంది, తప్పు చేయలేదని మేమే రుజువు చేసుకోవాలి. ఆ నిబంధన మీద గైనకాలజిస్టుల సమాఖ్య సుప్రీంకోర్టుకి వెళ్తే 2019లో కోర్టు దాన్ని సమర్థించింది. ఆ చట్టం అవసరమన్నదే నా అభిప్రాయం కూడా. నేను అడిగేది వేరే సంగతి. ఫారం ఎఫ్‌ని మూడుసార్లు సరిచూసుకుని సంతకం పెట్టే చేయి, అదే తల్లి రిపోర్టు మీద చదవకుండా ఎందుకు సంతకం పెడుతోంది? అధికారులు అడిగే కాగితానికి ఉన్న విలువ పేషెంటు చదివే కాగితానికి లేదా?

ఫార్మాట్లు వద్దనే సీనియర్లను నేను గౌరవిస్తాను. గడులు నింపేవాడికి ఆలోచన ఆగిపోతుందని వాళ్ల మాట. అది ఉత్త మాట కాదు. 2009లో అమెరికాలో శిక్షణలో ఉన్న రేడియాలజీ డాక్టర్లకు ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చి, పాత డిక్టేషన్ పద్ధతితో పోల్చి ప్రచురించిన అధ్యయనంలో, గడుల పద్ధతిలో రిపోర్టుల కచ్చితత్వం, సంపూర్ణత పెరగకపోగా తగ్గాయి. కారణం ఊహించలేనిదేమీ కాదు. కళ్లు బొమ్మ మీద ఉండాల్సిన సమయంలో గడుల మీద ఉంటే అదే జరుగుతుంది. అల్ట్రాసౌండ్‌లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. సీటీ అయితే బొమ్మలన్నీ ఉంటాయి, సాయంత్రం తీరిగ్గా మళ్లీ చూడొచ్చు. అల్ట్రాసౌండ్ ఒక చేతిలో ప్రోబ్, ఎదురుగా మనిషి, కదిలే తెర. ఆ నిమిషంలో చూడనిది ఇక చూడనట్టే.

అందుకే ఫార్మాట్ చేతి కదలికను అనుసరించాలి, చేయి ఫార్మాట్‌ని కాదు. నేను ఇప్పుడు వాడేది ఒక మామూలు కాగితం. ప్రోబ్ నడిచే వరసలోనే గడులుంటాయి. కాలేయం, గాల్ బ్లాడర్, పైత్యనాళం, పాంక్రియాస్, ప్లీహం, కుడి కిడ్నీ, ఎడమ కిడ్నీ, మూత్రాశయం, ఆ తర్వాత గర్భసంచో ప్రోస్టేటో. నేను అంకె పైకి చెప్తాను, పక్కన నర్సు పెన్నుతో రాస్తుంది. నా కళ్లు తెర మీంచి కదలవు. అన్నిటికంటే పైన రెండు గడులుంటాయి. ఒకటి, దేనికోసం పంపారు. రెండు, ఇంతకు ముందు ఏ ఆపరేషన్లు అయ్యాయి. ఈ రెండూ జెల్ రాయకముందే తెలుగులో అడిగి నింపాలి. చివర ఇంప్రెషన్‌కి మాత్రం ఏ గడీ పెట్టలేదు. అక్కడ తెల్ల కాగితమే. చూసిందంతా కలిపి ఏమనుకుంటున్నానో నా మాటల్లో రాయాల్సింది అక్కడే. సీనియర్లు కాపాడాలనుకుంటున్న ఆలోచన ఉండాల్సిన చోటు కూడా అదే.

దీనికి ఖర్చుంది. ఒక్కో స్కాన్‌కి నాకు రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది, రోజుకి చేసే స్కాన్లు తగ్గాయి, అప్పట్లో నేను పనిచేసిన చోట యాజమాన్యానికి అది నచ్చలేదు. బయట కూర్చున్న పేషెంట్లు యూరిన్ ఆపుకోలేక విసుక్కునేవాళ్లు. వాళ్ల విసుగులో న్యాయం ఉంది. కానీ ఆ రెండు నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలుసు. ఇదివరకు చూడకుండా వదిలేసిన చోట్లకు పోతున్నాయి.

పోయిన నెల మా దగ్గర కొత్తగా ఎండీ అయిన అమ్మాయి చేరింది. మొదటి రోజే "మేడమ్, నార్మల్ ఫైల్ సాఫ్ట్ కాపీ ఇస్తారా?" అని అడిగింది. లేదని చెప్పి గడుల కాగితాల కట్ట ఇచ్చాను. మొదటి పేషెంటు బాగా లావుగా ఉన్న పెద్దాయన. ఇరవై నిమిషాలు కష్టపడింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, నీళ్లు తాగించి మళ్లీ చూసింది. కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. పాంక్రియాస్ తోక గడిలో "గ్యాస్ వల్ల కనిపించలేదు" అని రాసి ఉంది. "ఇలా రాసి ఇవ్వచ్చా మేడమ్? ఆయన ఏమైనా అనుకుంటారేమో" అంది.

ఆయన్ని లోపలికి పిలిచి, ఆ గడి చూపించి, అదేంటో ఆయనకే చెప్పమన్నాను. ఆయన విన్నాడు. "సరేనమ్మా, అయితే అది ఇంకోసారి చూడాలన్నమాట" అన్నాడు. అమ్మాయి సంతకం పెట్టింది.